తామర మీద వెయ్యి సైటేషన్లు

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల విజ్ఞానప్రియులకు తెలియజేయడమేమనగా, డాక్టర్ విద్యాసాగర్ గారి పరిశోధనలను ప్రపంచం వెయ్యోసారి ఉటంకించిన శుభ సందర్భంగా మొన్న పద్నాలుగో తేదీన మహబూబాబాద్‌లో వారికి ఘన సన్మానం జరిగింది. శాలువాలు నలభై రెండు. వక్తలు పదిహేడుగురు. సన్మాన పత్రం రాసే భాగ్యం నాకు దక్కింది. నేను వారి కాలేజీలోనే లైబ్రేరియన్ని. పుస్తకాల కోసం ఎవరూ రారు కాబట్టి నాకు తీరిక ఎక్కువని ప్రిన్సిపాల్ గారి నమ్మకం.

పత్రం ఒక్క పేజీకే పరిమితం కావడంతో కొన్ని సంగతులు వదిలేయవలసి వచ్చింది. అవి వృథా పోకూడదని ఇక్కడ మనవి చేస్తున్నాను.

ముందుగా సైటేషన్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం ఒక మాట. ఒకరు రాసిన పరిశోధన వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. అట్లా ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కపెట్టే యంత్రం వచ్చింది. పేర్కొన్నవాళ్లు చదివారా లేదా అని చూసే యంత్రం ఇంకా రాలేదు. ఈ లెక్కలోంచి హెచ్-ఇండెక్స్ అని ఒక అంకె తీస్తారు. సన్మాన పత్రం అచ్చువేసిన ప్రెస్సువాళ్లు దాన్ని 'హెచ్చు సూచిక' అని దిద్దారు. అసలు మాటకంటే అదే బాగుందని సభలో అందరూ ఒప్పుకున్నారు.

విద్యాసాగర్ గారు చదివింది వాణిజ్యశాస్త్రం. కానీ జ్ఞానానికి గోడలుండవని వారు గట్టిగా నమ్ముతారు. ఆరేళ్లలో ఇరవై మూడు శాస్త్రాల్లో మూడు వందల ఇరవై ఏడు వ్యాసాలు ప్రకటించారు. 'వానపాముల్లో నాయకత్వ లక్షణాలు' వాటిలో మొదటిది. 'కాజీపేట–విజయవాడ మార్గంలో రైళ్ల ఆలస్యం, ప్రయాణికుల రక్తంలో చక్కెర' అన్నది వైద్యరంగంలో వారి తొలి అడుగు. 'ఆటోల వెనక రాతలు: క్వాంటం దృక్పథం' అన్న వ్యాసాన్ని భౌతికశాస్త్రజ్ఞులు ఇంతవరకు ఖండించలేకపోయారు. వారికి దాని సంగతి తెలియకపోవడం వేరే విషయం.

వారి పరిశోధన పద్ధతి సరళమైనది. పొద్దున్నే చాయ్ తాగుతూ దినపత్రికలో ఒక శీర్షిక ఎంచుకుంటారు. ఫోనుకు చూపిస్తారు. ఫోను దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తుంది. ఆ ఇంగ్లీషు చుట్టూ పన్నెండు పేజీలు రాయమని మళ్లీ ఫోనుకే చెబుతారు. ఈలోపు స్నానం ముగుస్తుంది. వారానికొక వ్యాసం, పండగ సెలవులుంటే రెండు. ఇంత క్రమశిక్షణ ఈ రోజుల్లో ఎంతమందికి ఉంది?

వారిని ప్రపంచానికి పరిచయం చేసింది మాత్రం తామర.

మూడేళ్ల కిందట ఒకరోజు పేపర్లో 'మానుకోట జిల్లాలో విజృంభిస్తున్న తామర: మిర్చి రైతుల ఆందోళన' అని శీర్షిక వచ్చింది. మానుకోట అంటే మా మహబూబాబాదే. మా వైపు మిర్చి వేసే ప్రతి మనిషికీ తామర అంటే తామర పురుగు అని తెలుసు. నువ్వుగింజలో సగం ఉంటుంది, నల్లగా, పూతలో దూరి రసం పీల్చేస్తుంది. పూత రాలిపోతుంది. కాయ ఉండదు. విద్యాసాగర్ గారికీ దంతాలపల్లి దగ్గర పన్నెండెకరాల మిర్చి చేను ఉంది. కౌలుకిచ్చారు. వారు దాన్ని ఎప్పుడూ బస్సు కిటికీలోంచే చూస్తారు. బస్సు కిటికీలోంచి పురుగు కనబడదు.

ఫోనుకు మిర్చి చేను లేదు. అది తామర అంటే గజ్జి, తామర వరసలోని తామర అనుకుంది. అట్లా వెలువడిందే 'మిర్చి రైతుల్లో తామర వ్యాప్తి: నాలుగు వందల కుటుంబాల సర్వే'. సర్వేను విద్యాసాగర్ గారు మహబూబాబాద్ నుంచి దంతాలపల్లికి బస్సులో పోతూ పూర్తిచేశారు. జనగామలో చర్మవైద్యులు డాక్టర్ సంజీవ గారు ఆ వ్యాసాన్ని చూసి పులకించి తమ ఐదు వ్యాసాల్లో ఉటంకించారు. తరువాతి నెలలో ఫోను కొత్త హంగులు దిద్దుకుంది. ఈసారి అదే మాటను తామర పువ్వుగా తర్జుమా చేసింది. దాంతో 'తామర ఆక్రమణ: మిర్చి సాగుకు చెరువుల ముప్పు' వచ్చింది. భూపాలపల్లిలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే రేగొండ వాస్తవ్యులు డాక్టర్ రంజిత్ గారు అప్పటికే తామరాకు మీద నీళ్లు నిలవవు కాబట్టి గని కార్మికులకు ఏదీ అంటని కోట్లు కుట్టించే పరిశోధనలో ఉన్నారు. వారూ ఉటంకించారు. ఒక్క మాట పట్టుకుని మూడు శాస్త్రాలను కలిపిన మనిషిని మీరెక్కడైనా చూశారా?

ముగ్గురు డాక్టర్లూ అలా ఒకరికొకరు పరిచయమయ్యారు. మా పల్లెల్లో నాట్ల కాలంలో, మిర్చి ఏరే కాలంలో ఆడవాళ్లు బదులు పోతారు. ఇవాళ నలుగురూ నీ చేనుకు, రేపు అదే నలుగురూ నా చేనుకు. కూలి మాట ఉండదు. ముగ్గురు డాక్టర్లూ ఈ మంచి ఆచారాన్ని విద్యారంగంలోకి తెచ్చారు. వీరు రాసిన ప్రతిదాన్నీ వారు పేర్కొంటారు, వారు రాసిన ప్రతిదాన్నీ వీరు పేర్కొంటారు. నేను కూడా ప్రమోషన్ కోసం 'గ్రంథాలయాల్లో బూజు' మీద రాసిన వ్యాసంలో విద్యాసాగర్ గారిని పదకొండుసార్లు పేర్కొన్నాను. పేర్కొనకపోతే బాగుండదు కదా.

ఇక్కడ శోభ గురించి కొంచెం చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ కథ సాగదు.

శోభ మా కాలేజీలోనే జంతుశాస్త్రం చెప్పే పార్ట్‌టైం లెక్చరర్. దంతాలపల్లి దగ్గర లంబాడీ తండా వాళ్లది. వాళ్లమ్మ కమ్లీ రెండెకరాల మిర్చి వేస్తుంది. నాలుగేళ్ల కిందట పురుగు ఆ రెండెకరాలను ఊడ్చేసి పోయింది. ఆ ఏడు కమ్లీ చేనును దున్ని, అన్న కొడుకులతో కలిసి హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయి వచ్చింది. అప్పటినుంచి శోభ ప్రతి ఆదివారం చేన్లో కూర్చుని ఒక్కొక్క పూవునూ తెల్లకాగితం మీద తట్టి, ఎన్ని పురుగులు రాలాయో రాసుకుంటోంది. నాలుగేళ్ల ఆదివారాలు. చివరికి పదకొండు పేజీల వ్యాసం ఒకటి రాసింది. పురుగు నీలిరంగుకు వస్తుంది, నీలి అట్టలకు జిగురు పూసి పూత వచ్చే వేళకు చేనంతా కడితే చాలావరకు ఆగుతుంది, పొద్దుకో మందు కొడితే పురుగును తినే పురుగులు చచ్చి అసలుది మిగులుతుంది, అని దాని సారాంశం. సైటేషన్లు సున్నా.

శోభ ఒకసారి స్టాఫ్ రూములో ధైర్యం చేసి అడిగింది. "సార్, తామరంటే గజ్జి తామర కాదు సార్. తామర పువ్వు గూడ కాదు. పురుగు."

విద్యాసాగర్ గారు ఎంతో సహనంతో విన్నారు. "అమ్మా శోభా, శాస్త్రంలో భిన్న దృక్పథాలకు తావుండాలి. పురుగు అన్నది మీ దృక్పథం. నా దృక్పథానికి నాలుగు వందల పన్నెండు సైటేషన్లున్నాయి."

కిందటి నవంబరులో పురుగు మళ్లీ వచ్చింది. కమ్లీ చేను అప్పుడే పూత మీద ఉంది. రైతులు గోల పెట్టగా 'మూడు జిల్లాల మేధో సమన్వయ మండలి' అనే పెద్దమనుషుల సంస్థ తామర నివారణ నిపుణుల సంఘం వేయాలని తీర్మానించింది. సంఘం ఏం చెబితే ఆ సామాన్లు దాతలు రైతులకు పంచుతారు. అధ్యక్షుణ్ని పక్షపాతం లేకుండా ఎంచాలి కాబట్టి యంత్రంలో 'తామర' అని కొట్టి చూశారు. విద్యాసాగర్ గారు మొదట వచ్చారు. రెండో పేరు సంజీవ గారిది, మూడోది రంజిత్ గారిది. శోభ పేరు కోసం కిందికి జరుపుతూ పోతే వేలు నొప్పి పుట్టింది. అయినా ఉదార హృదయంతో ఆమెను ప్రత్యేక ఆహ్వానితురాలిగా తీసుకున్నారు. అంటే కుర్చీ ఉంటుంది, మైకు ఉండదు.

ఆ సాయంత్రం శోభ తల్లికి సైటేషన్ అంటే ఏమిటో చెప్పింది. నాతో తరువాత తనే అన్నది. కమ్లీ అంతా విని, "గంతేనా? బదులు పోవుడే గదా. మరి నువ్వెవలకూ పోలేదా బిడ్డా?" అని అడిగిందట.

"నేను చేన్ల ఉన్న గదా యాడీ," అన్నది శోభ. వాళ్లింటి భాషలో అమ్మను యాడీ అంటారు.

కమ్లీ నడుము పట్టుకుని లేచి పొయ్యిలోకి కట్టె తోసిందట. తరువాత, "ఈసారి పూత పోతే నేను మల్ల సెంట్రింగు పోలేను. నడుము లేస్తలేదు," అన్నదట.

నిపుణుల సంఘం క్షేత్ర పర్యటనకు కమ్లీ చేనునే ఎంచుకుంది. రోడ్డుకు దగ్గరని. వివరాలు నమోదు చేసే బాధ్యత నాది. గట్టు మీద షామియానా వేశారు. షామియానా గుంజల కోసం పద్నాలుగు మిర్చి చెట్లు పీకవలసి వచ్చింది. అధ్యక్షులు లేచి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా, తామర అనునది బురదలో పుట్టి బురద అంటక నిలుచును. మన రైతు సోదరులు సైతం అట్లే నిలువవలెను. నేను ఇరవై మూడు శాస్త్రముల కూడలిలో నిలబడి చెప్పుచున్నాను, సమస్య ఎక్కడ గలదో పరిష్కారము అక్కడనే గలదు."

చప్పట్లు కొట్టాం. సంజీవ గారు కమ్లీ దగ్గరికి వచ్చి చేతులు చూపమన్నారు. మోచేతుల దాకా తిప్పి తిప్పి చూశారు.

"దురద ఎన్ని రోజుల నుంచి?"

"నా పానం మంచిగనే ఉన్నది సారూ. చేనుకే లేదు."

"రోగులు ఇట్లాగే దాస్తారు," అని నాతో రాయించారు సంజీవ గారు.

రంజిత్ గారు అంతవరకు నాలుగు దిక్కులా వెతుకుతున్నారు. "చెరువు ఎటువైపు?" అని అడిగారు.

"ఈడ చెరువు లేదు సారూ. బోరున్నది. గది గూడ ఆగి ఆగి పోస్తది."

'చెరువు లేకుండానే తామర విస్తరణ' అని రాయించారు వారు. ఇది ప్రపంచంలోనే మొదటిదని కూడా చేర్చమన్నారు.

కమ్లీకి ఓపిక పోయింది. విద్యాసాగర్ గారి చేతిలోని కాగితాన్ని, అది వారి చెరువుల వ్యాసం, అడక్కుండానే తీసుకుని ఒక పూవు కింద పట్టి రెండుసార్లు తట్టింది. "జర చూడుండ్రి సారూ. గివే."

నల్లటి చుక్కలు పదీ పదిహేను రాలి అక్షరాల మధ్య అటూ ఇటూ పరుగెత్తాయి. విద్యాసాగర్ గారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. ఆ మొహంలో బాధ కనిపించింది. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది, దాచుకోను.

"ముద్రణ దోషాలు," అన్నారు. "ఇన్ని కామాలు నేను పెట్టలేదే."

ఆ వ్యాసం అచ్చువేసిన పత్రికకు ఘాటుగా ఉత్తరం రాయమని నన్ను ఆదేశించారు. రాశాను. వాళ్లు క్షమాపణ చెబుతూ చుక్కలు తీసేసి మళ్లీ ప్రచురించారు. అది కొత్త వ్యాసం కింద లెక్కకొచ్చింది.

సంఘం నివేదిక వారంలో తయారైంది. మొత్తం రెండు వందల పన్నెండు సైటేషన్లు, అందులో రెండు వందల తొమ్మిది ముగ్గురు డాక్టర్లవే. శోభ వ్యాసాన్ని కూడా చేర్చుదామని నేను నసిగాను. నిబంధనలు చూస్తే, ఇంతవరకు ఎవరూ పేర్కొనని వ్యాసాన్ని పేర్కొనరాదని ఉంది. మంచి నిబంధన. లేకపోతే ఎవరు పడితే వాళ్లు మొదలుపెడతారు.

సిఫారసులు రెండు. ఎకరాకు రెండు డబ్బాల తామర లేపనం, కుటుంబానికి ఆరు తామరాకు పూత కోట్లు. లేపనం సంజీవ గారు స్వయంగా రూపొందించింది. మహా జిగట. చేతికంటితే రెండు రోజులు వదలదని రోగులు వాడక, జనగామలో గదినిండా మిగిలిపోయింది. కోట్లు రంజిత్ గారి గోదాములోవి, ముదురు నీలం. ఏదీ అంటని కోటు అని పేరే గానీ అన్నీ అంటుతున్నాయని గని కార్మికులు తిప్పి పంపారు. మూడు జిల్లాల్లో వాన పడని నవంబరు నెలలో రైతులందరికీ కోట్లు పంచారు.

కమ్లీ ఇంటికీ వచ్చాయి. ఆమె లేపనం డబ్బా మూత తీసి వాసన చూసి గడపలో పెట్టింది. ఒక ఈగ వచ్చి వాలింది, ఇక లేవలేదు. శోభ ఆ ఈగను చూసింది. మంచం మీద పడేసిన నీలి కోట్లను చూసింది. నాలుగేళ్లలో బిడ్డ అంతగా నవ్వడం అప్పుడే చూశానని కమ్లీ చెబుతుంది.

"యాడీ, కట్టెలు తే. పొడుగుటివి."

తెల్లారేసరికి కమ్లీ చేన్లో ఆరు నీలి కోట్లు చేతులు చాపి నిలబడ్డాయి, ఒంటినిండా లేపనంతో. సాయంత్రానికి నీలం మీద నల్లగా పురుగు. మూడో రోజుకు నీలం కనపడలేదు. గీకి, మళ్లీ పూశారు. తండా ఆడవాళ్లు వచ్చి చూశారు. కమ్లీ వాళ్ల చేన్లకు బదులు పోయింది, వాళ్లు ఆమె చేనుకు వచ్చారు. ఆరు రోజుల్లో ఇరవై మూడు చేన్లలో కోట్లు లేచాయి. మందు కొట్టుడు ఆపమని శోభ చెబితే ఆపారు. శోభ చెప్పిన మాట తండాలో ఇల్లిల్లూ తిరిగింది. యంత్రం నోటిమాటలను లెక్కపెట్టదు కాబట్టి ఆమె సున్నాకు ఏ భంగమూ కలగలేదు.

కమ్లీ చేను నిలిచింది. పూత నిలిచి కాయ పట్టింది. చుట్టుపక్కల పదకొండు ఊళ్లలో రైతులు నివేదికను నమ్మి లేపనాన్ని ఆకులకు పూశారు. ఆ చేన్లు ఏమయ్యాయో నివేదికలో లేదు. నేను ఒకసారి బస్సులో పోతూ చూశాను, మళ్లీ చూడబుద్ధి కాలేదు.

విద్యాసాగర్ గారు కూడా అదే బస్సులో పోతూ తండా వైపు చూశారు. చేన్లనిండా ఖాళీ నీలి కోట్లు వరసగా నిలబడి ఉన్నాయి, సదస్సుకు వచ్చినట్టు. వారు జీవితంలో మొదటిసారి, షామియానా లేకపోయినా, చేను దగ్గర బస్సు ఆపించి దిగారు. ఫొటో తీసుకుని తరువాతి బస్సులో వెళ్లిపోయారు. 'తామర నివారణలో లేపనం, కోటు: ఒక విజయగాథ' పదిరోజుల్లో అచ్చయింది. లేపనం వల్ల చర్మవైద్యులు, కోటు వల్ల ఇంజనీర్లు, నీలిరంగు వల్ల మనస్తత్వవేత్తలు, ఖాళీ కోటు వల్ల వేదాంతులు దాన్ని ఉటంకించారు. వెయ్యి దాటింది.

ఇక సన్మానం. లబ్ధిదారుల తరఫున దండ వేయడానికి కమ్లీని పిలిపించారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఆమె మైకును అటూ ఇటూ తిప్పి చూసి అన్నది, "సార్లు మాకు కోట్లిచ్చిండ్రు."

కోట్లు అనగానే హాలు దద్దరిల్లింది. వేదిక మీదివాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. విలేకరులు రాసుకున్నారు. మర్నాటి పేపర్లో అదే శీర్షిక.

"గవి తొడుక్కుంటె చేను మిగలకపోవు. కట్టెకు కట్టాలె అని మా శోభ చెప్పింది. నాలుగేండ్లు ఎండల కూసుండి లెక్కజేసింది. ఆ పిల్ల రాసింది ఎవలన్న..." అని కమ్లీ ఇంకా చెబుతూనే ఉంది. చప్పట్లు ఆగలేదు. ఆమె చప్పట్లు ఆగేదాకా నిలబడింది. ఆగాక మైకు పదిహేడో వక్త చేతిలో ఉంది.

బయట చాయ్ దగ్గర నన్ను ఆపి అడిగింది. "సారూ, మీరు పుస్తకాల సార్ గదా. మా బిడ్డ రాసింది మీ దగ్గరున్నదా?"

"ఉందమ్మా," అన్నాను.

"చదివినరా?"

చాయ్ వేడిగా ఉందని ఊదుకున్నాను.

శోభ ఇంకా పార్ట్‌టైమే. ఆదివారాలు చేన్లోనే. మొన్న నేను ఆ వ్యాసాన్ని బీరువాలోంచి తీసి దుమ్ము దులిపి ఎదురుగా పెట్టుకున్నాను. సారాంశం ఇంతకుముందే శోభ నోట విన్నాను కాబట్టి తెరవవలసిన అవసరం కనబడలేదు. ఈ కథ అచ్చయితే యంత్రం దీన్ని కూడా పట్టుకుని విద్యాసాగర్ గారి లెక్కలో మరొకటి కలుపుతుంది, వారికి నా అభినందనలు. మీరు విద్యావంతులు, నవ్వుతూ ఇంతదాకా చదివారు. విద్యాసాగర్ గారి వ్యాసాల పేర్లు ఆరు చెప్పాను, వాటిలో రెండైనా మీకు గుర్తుండిపోతాయి. శోభ వ్యాసం పేరేమిటో నేను ఒక్కసారీ చెప్పలేదు. మీరూ అడగలేదు.